పప్పు రంగు వంటిల్లు

జనవరి నెల. మిషిగన్‌లో మంచు మోకాలి లోతు పడి ఉంది. ఆఫీసు నుంచి వచ్చి గరాజ్ తలుపు తెరిచేసరికి లోపల మా అమ్మ కనిపించింది. చీర మీద మావారి పాత జాకెట్, తలకి మంకీ క్యాప్, కాళ్లకి రెండు జతల సాక్సులు. మడత బల్ల మీద ఇండక్షన్ స్టవ్ పెట్టుకుని ఊరమిరపకాయలు వేయిస్తోంది.

"ఈ చలిలో ఇక్కడేంటమ్మా? లోపల వేయించొచ్చుగా!" అన్నాను.

"ఎందుకులే అమ్మాయ్. పిల్ల కోటుకి వాసన పడుతోందంటగా" అంది మూకుడు లోంచి కళ్లెత్తకుండా.

అంతకు నాలుగు రోజుల ముందు, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి స్కూల్ బస్సు దిగి ఏడుస్తూ వచ్చింది. పక్క సీట్లో పిల్ల ముక్కు మూసుకుందట. తన కోటు వాసన చూసుకుని, ఇక హాల్లోని హ్యాంగర్‌కి తగిలించనని, తన గదిలోనే పెట్టుకుంటానని చెప్పింది. అమ్మమ్మని ఒక్క మాట అనలేదు. కానీ అమ్మకి అర్థమైంది. మర్నాటి నుంచి పోపు, వేపుడు, చేపల పులుసు అన్నీ గరాజ్‌కి మారిపోయాయి.

మనలో చాలామందికి గరాజ్ వంట కొత్తేమీ కాదు. నేనూ అడపాదడపా చేసినదే. కానీ ఒంగోలు నుంచి ఆరు నెలల కోసం వచ్చిన అరవై ఎనిమిదేళ్ల మనిషి, కూతురి ఇంట్లో వంటింటి బయట నిలబడి వండటం చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగేళ్లుగా వాయిదా వేస్తున్న వంటింటి పని మొదలుపెట్టాల్సిందేనని మావారితో అన్నాను. ఏప్రిల్ చివర్లో అమ్మ తిరుగు ప్రయాణం. ఆలోగా ఆమె ఆ వంటింట్లో వండాలి. మేం పెట్టుకున్న గడువు అదొక్కటే.

పొగ ఎటు పోతోంది?

మా ఇల్లు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంది. 1974లో కట్టింది. గ్యాస్ స్టవ్ మీద గోడకి మైక్రోవేవ్, దాని అడుగున ఫ్యాన్. స్విచ్ వేస్తే పెద్ద చప్పుడు చేస్తుంది కాబట్టి పొగని లాగేస్తోందనే ఇన్నాళ్లూ అనుకున్నాం. ఒకరోజు ఆ మైక్రోవేవ్ పైఅంచు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. గాలంతా మొహానికే కొడుతోంది. అంటే స్టవ్ మీది పొగని కింద పీల్చి, బొగ్గు ఫిల్టర్ గుండా పంపి, మళ్లీ మన ఇంట్లోకే వదులుతోంది. ఆ ఫిల్టర్‌ని అప్పుడప్పుడూ మార్చాలన్న సంగతి కూడా మాకు తెలియదు.

మీ ఇంట్లో సంగతి తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలేం అక్కర్లేదు. ఫ్యాన్ వేసి బయటకి వెళ్లి, వంటింటి గోడకి గానీ, పైకప్పు మీద గానీ గాలి వచ్చే మూత ఉందేమో చూడండి. లేకపోతే మీ పోపు పొగ మీ సోఫాల్లోనూ కోట్లలోనూ కాపురం ఉన్నట్టే.

అందుకే మా మొదటి ఖర్చు బయటకి గొట్టం ఉన్న హుడ్‌కే అనుకున్నాం. ఇక్కడ ఫ్యాన్ బలాన్ని సీఎఫ్ఎంలలో చెబుతారు. అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి లాగుతుందన్నది. గ్యాస్ స్టవ్‌కి పది వేల బీటీయూలకి వంద సీఎఫ్ఎం చొప్పున లెక్కేసుకోమంటారు. మన వంట కదా, ఎంత పెద్దదైతే అంత మంచిదని మావారు 900 సీఎఫ్ఎం హుడ్ ఎంచుకున్నారు. 400 దాటితే, లాగేసిన గాలికి బదులు కొత్త గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా కావాలని పర్మిట్ల దగ్గర చెప్పారు. కారణం విన్నాక భయం వేసింది. బేస్‌మెంట్‌లోని ఫర్నేస్, వాటర్ హీటర్ గ్యాస్‌తో నడిచేవి. తలుపులన్నీ బిగించిన ఇంట్లోంచి ఫ్యాన్ బలంగా గాలి లాగేస్తే, వాటి పొగగొట్టం లోంచి పైకి పోవాల్సిన కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి తిరిగి ఇంట్లోకి రావచ్చు.

చివరికి 400 లోపుదే తీసుకుని, వెడల్పు మాత్రం పెంచాం. స్టవ్ 30 అంగుళాలు, హుడ్ 36 అంగుళాలు. గొట్టం మెలికలు తిరిగే రేకుది కాకుండా గట్టి లోహంది, వీలైనంత తిన్నగా వేయించాం. వేపుడు వెనక బర్నర్ మీద పెట్టడం, స్టవ్ వెలిగించే ముందే ఫ్యాన్ వేయడం, వంటయ్యాక మరో పది నిమిషాలు ఉంచడం అలవాటు చేసుకున్నాం. పెద్ద ఫ్యాన్ కన్నా ఈ అలవాట్లే ఎక్కువ పని చేశాయి.

దుమ్ము సంగతి అమ్మకి తెలుసు

కాంట్రాక్టర్ విషయంలో మాత్రం దెబ్బ తిన్నాం. ముగ్గురు అంచనాలిస్తే అందరికన్నా తక్కువ చెప్పినతన్ని పిలిచాం. సగం డబ్బు ముందే ఇమ్మన్నాడు, ఇచ్చాం. మొదటి రోజే అతని మనిషి వంటింటి కిటికీ చుట్టూ ఉన్న పాత పెయింట్‌ని మిషన్‌తో పొడిగా గీకడం మొదలుపెట్టాడు. తెల్లటి పొడి వంటింటి నిండా లేచింది. మా రెండేళ్ల బాబు ఆ గుమ్మం దగ్గరే బొమ్మ కారు తోసుకుంటున్నాడు.

నేను మీటింగ్‌లో ఉన్నాను. అమ్మ పరుగెత్తుకుంటూ పైకి వచ్చింది. "అమ్మాయ్, ఆ పని ఆపించు. ఆ దుమ్ము పిల్లోడి మీద పడతా ఉంది" అంది.

"పెయింట్ దుమ్మేగా అమ్మా, తుడిచేస్తారులే" అన్నాను.

"దుమ్ము సంగతి నాకు చెప్పబాక. ముందు ఆపించు."

మా నాన్న చీమకుర్తి క్వారీల్లో గుమస్తాగా చేశారు. రాళ్లు కోసే చోట పనిచేసి, నలభై ఏళ్లకే మెట్లెక్కలేక ఆయాసపడిన మనుషులని అమ్మ చూసింది. పెయింట్ గురించి ఆమెకి తెలియదు. పీల్చే దుమ్ము గురించి తెలుసు. నేను కిందికి వెళ్లి పని ఆపించాను.

ఆ సాయంత్రం చదివితే తెలిసింది. అమెరికాలో ఇళ్లకి వేసే రంగుల్లో సీసం వాడకాన్ని 1978లో నిషేధించారు. మా ఇల్లు దానికి నాలుగేళ్ల ముందుది. 2010 నుంచి అమలులో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం, 1978కి ముందు కట్టిన ఇళ్లలో ఒక గదిలో ఆరు చదరపుటడుగులకి మించి పాత పెయింట్‌ని కదిలించే కాంట్రాక్టర్‌కి సీసం విషయంలో ప్రత్యేక సర్టిఫికెట్ ఉండాలి. పని మొదలుపెట్టే ముందు ఆ జాగ్రత్తలు చెప్పే చిన్న పుస్తకం ఇంటివాళ్లకి ఇవ్వాలి. మా చేతికి అలాంటిదేమీ రాలేదు. సర్టిఫికెట్ చూపించమంటే అతను ఫోన్ ఎత్తడం మానేశాడు. ముందిచ్చిన డబ్బులో సగం కూడా తిరిగి రాలేదు.

పరీక్ష చేయిస్తే కిటికీ చట్రాల అడుగు పొరల్లో సీసం ఉందని తేలింది. గోడల్లో లేదు. బాబుకి రక్తపరీక్ష చేయించి, ఫలితం వచ్చేదాకా ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో మాకే తెలుసు. అదృష్టం, కంగారు పడాల్సిందేమీ లేదన్నారు డాక్టర్. "నేను ఊరికే గోల చేస్తన్నానని అనుకున్నావు కదా" అంది అమ్మ. అనుకున్న మాట నిజమే.

రెండో కాంట్రాక్టర్ సర్టిఫికెట్ తనే ముందు చూపించాడు. వంటింటికి ప్లాస్టిక్ తెర కట్టి, పెయింట్‌ని తడిపి గీకి, హెపా వాక్యూమ్‌తో ఎత్తి, ఏ రోజు చెత్త ఆ రోజు మూట కట్టేసేవాడు. డబ్బు ఎక్కువే. ఈసారి పని ఎంతయితే అంతకే చెల్లించే పద్ధతి రాసుకున్నాం.

షోరూంలో మన రాయి

ఆరు వారాలన్న పని పది వారాలైంది. బేస్‌మెంట్‌లో ఇండక్షన్ స్టవ్, బట్టలుతికే సింకులో గిన్నెలు తోమడం. ఆ రోజుల్లోనే కౌంటర్ రాయి చూడ్డానికి అమ్మని తీసుకుని గ్రానైట్ యార్డుకి వెళ్లాం.

మేం క్వార్ట్జ్ అనుకున్నాం. ఈ మధ్య అందరిళ్లలో అదే. నూనె పీల్చదు, సీలింగ్ అక్కర్లేదు. కానీ అది రాతిపొడిని రెజిన్‌తో కలిపి చేసేది కాబట్టి, పొయ్యి మీది నుంచి దించిన కుక్కర్ నేరుగా పెడితే మచ్చ పడవచ్చు. లేత రంగు క్వార్ట్జ్ మీద పసుపు రాత్రంతా ఉంటే పోగొట్టడం కష్టం. ఇంకొక సంగతి కూడా ఉంది. దాన్ని కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా చాలా ఎక్కువ. దానితో పనివాళ్లకి సిలికోసిస్ వస్తోందని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి అలాంటి పలకలని నిషేధించింది.

వరసలో నిలబెట్టిన పలకల మధ్య నడుస్తూ అమ్మ ఒకచోట ఆగిపోయింది. నల్లటి పలక, లోపల బంగారు రవ్వలు చల్లినట్టు చుక్కలు. పలక మీద బ్లాక్ గెలాక్సీ అని రాసి ఉంది.

"ఇది మన చీమకుర్తి రాయి కదంటే!" అంది చెయ్యి వేసి.

నిజమే. ప్రకాశం జిల్లా చీమకుర్తి గనుల్లోంచే ఇది ప్రపంచమంతా వెళుతుంది. ఆ మెరుపులు బ్రాంజైట్ అనే ఖనిజానివి. నాన్న వీటి లారీల లెక్కలు రాసి మమ్మల్ని చదివించారు. కానీ ఒంగోలులో మేమున్న ఇంట్లో వంటగట్టు కడపరాయిదే. "ఎగుమతి సరుకు మనకెందుకు" అనేవారు. అమ్మ ఆ పలక మీద రెండుసార్లు అరచేత్తో రాసి, "మీ నాన్న చూస్తే నవ్వేవాడు" అని ముందుకి నడిచింది. మావారు నా వంక చూశారు. ఇక క్వార్ట్జ్ ఊసెత్తలేదు.

నల్ల రాయికి ఒక చిక్కుంది. వంటిల్లు చీకటిగా కనిపిస్తుంది. మా వంటిల్లు ఉత్తరం వైపు. అక్కడే రంగుల గొడవ మొదలైంది.

గోడకి ఏ రంగు?

స్నేహితుల ఇళ్లలో చూసి నాకు లేత బూడిద రంగు మీద మనసు పడింది. షాపులో చూసిన ముక్క ఎంతో ముచ్చటగా ఉంది. ఉత్తరపు కిటికీ ఉన్న మా గోడకి పట్టి చూస్తే నీలంగా, జబ్బు చేసినట్టు కనిపించింది. ఉత్తరపు వెలుతురు చల్లటిది, అందులో నీలం పాలు ఎక్కువ. మబ్బు పట్టే శీతాకాలాల్లో బూడిద రంగు మరీ దిగాలుగా తయారవుతుంది.

పెయింట్ ముక్కల వెనక ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. ఆ రంగు ఎంత వెలుతురుని తిరిగి ఇస్తుందో చెప్పేది. నలుపు సున్నా వైపు, తెలుపు వంద వైపు. వెలుతురు తక్కువగా ఉండే వంటిల్లు కాబట్టి 70కి పైనున్నవే చూశాం. చిన్న డబ్బాలు తెచ్చి నేరుగా గోడకి వేయకుండా, పెద్ద అట్టలకి రెండు కోట్లు వేశాం. వాటిని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్ల కింద వేర్వేరు గోడలకి ఆనించి చూశాం. బల్బుల్ని కూడా పసుపుపచ్చ వెలుగు ఇచ్చే 2700 కెల్విన్ వాటికి మార్చాక, రంగులన్నీ మళ్లీ మొదటి నుంచి చూడాల్సి వచ్చింది.

అయిదు అట్టలు గోడకి ఉన్నాయి. ఎవరికి నచ్చింది వాళ్లు చెబుతున్నారు. మా అమ్మాయి ఒక లేత పసుపు అట్ట దగ్గర నిలబడి, "అమ్మమ్మా, ఇది నీ ముద్దపప్పు కలర్!" అంది.

అమ్మ నవ్వింది. "నెయ్యి వేసినాక ఆ రంగే వస్తది" అంది.

అలా ఖాయమైంది. గోడలకి తుడిస్తే మరక పోయే శాటిన్, తలుపులకీ కిటికీ చట్రాలకీ సెమీగ్లాస్, పైకప్పుకి మెరుపు లేని ఫ్లాట్. పాత ఓక్ కప్‌బోర్డులు గట్టివే కాబట్టి పారేయలేదు. ఏళ్ల నాటి నూనె జిడ్డంతా కడిగి, ప్రైమర్ కొట్టించి, తెల్లరంగు వేయించాం. ఆ జిడ్డు పూర్తిగా వదలకపోతే ఎంత ఖరీదైన రంగైనా పొరలుగా ఊడిపోతుంది.

వాస్తు ప్రకారం స్టవ్ ఆగ్నేయానికి జరపాలని ఇద్దరు ముగ్గురు చెప్పారు. జరపాలంటే గ్యాస్ లైను, సింకు అన్నీ కదలాలి. అమ్మని అడిగాం. "గరాజ్‌లో వండినప్పుడు ఏ మూల చూశాం? ఇంట్లో వండితే చాలు" అంది.

పది రోజులు

ఏప్రిల్ మూడో వారంలో స్టవ్ బిగించారు. అమ్మ ప్రయాణానికి సరిగ్గా పది రోజులుంది. మొదటి రోజు పాలు పొంగించి, మధ్యాహ్నం ముద్దపప్పు, ఊరమిరపకాయలు చేసింది. ఫ్యాన్ వేసి, వెనక బర్నర్ మీద వేయించింది. నేను బయటకి వెళ్లి గోడ దగ్గర నిలబడ్డాను. మూత లేచి ఘాటు నా మొహానికి కొట్టింది. గట్టిగా దగ్గుతూ అంత సంతోషపడటం నాకు అదే మొదటిసారి.

వాసన పూర్తిగా పోయిందని చెప్పను. పోపు పెడితే ఇంట్లో తెలుస్తుంది, తెలియాలి కూడా. కాకపోతే మర్నాటిదాకా ఉండిపోదు. కోటు మళ్లీ హాల్లోని హ్యాంగర్‌కి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే.

అమ్మ వెళ్లిన వారానికి మా అమ్మాయి తన స్నేహితురాలిని ఇంటికి పిలిచింది. బస్సులో ముక్కు మూసుకున్న పిల్లే. ఏం పెట్టమంటావని అడిగితే పాస్తా అంటుందనుకున్నాను.

"పప్పు చెయ్యి అమ్మా. అప్పడాలు కూడా" అంది.

ఫ్యాన్ వేసి, స్టవ్ వెలిగించాను.