కీ నొక్కాం, కబురు చేరలేదు

మా వదిన హైస్కూల్లో తెలుగు టీచరు. ప్రశ్నపత్రాలన్నీ ఇంట్లోనే, బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక ఎడిటర్‌లో టైపు చేసుకుంటుంది. ఆ మధ్య ఒక సాయంత్రం ఫోన్ చేసి, "కంట్రోల్ ఎస్ కొడితే సేవ్ అవట్లేదయ్యా, ఇంకేదో పెట్టె వస్తోంది. కీబోర్డు కూడా మార్చి చూశాను" అంది. కొత్త కీబోర్డుకు డబ్బులు పోశాక కూడా జబ్బు అలాగే ఉంది.

వెళ్లి పక్కన కూర్చున్నాను. అక్షరాలన్నీ చక్కగా పడుతున్నాయి. కంట్రోల్ ఎస్ నొక్కగానే మాత్రం, ఈ వెబ్ పేజీని ఏ ఫోల్డర్‌లో దాచమంటారని బ్రౌజర్ అడుగుతోంది. అసలు ఆచూకీ ఆ పెట్టెలోనే ఉంది. కంట్రోల్ పనిచేస్తోంది, ఎస్ పనిచేస్తోంది. కబురు ఎడిటర్‌కు అందక బ్రౌజర్‌కు అందుతోంది.

షార్ట్‌కట్ పలకకపోతే మన అనుమానం మొదట కీబోర్డు మీదికే పోతుంది. కానీ వేలు నొక్కడానికీ పని జరగడానికీ మధ్య ఆ కబురు నాలుగైదు చేతులు మారుతుంది. ఎవరి చేతిలో ఆగిందో కనిపెట్టగలిగితే సగం మరమ్మతు అయిపోయినట్టే.

మామూలు కీబోర్డు విప్పితే రబ్బరు పొర కింద రెండు పలచని ప్లాస్టిక్ షీట్లు, వాటి మీద కరెంటు పారే సన్నటి గీతలు కనిపిస్తాయి. కీ నొక్కిన చోట పై గీత కింది గీతను తాకుతుంది. ఎక్కడ తాకిందో ఒక చిన్న చిప్ అదేపనిగా వెతుకుతూ ఉంటుంది. టీ ఒలికి ఒక గీత పాడైతే దాని మీదున్న కీలు వరసగా పోతాయి. అందుకే అక్షరం విడిగా పడుతూ, అటు కంట్రోల్, ఇటు కంట్రోల్ రెండింటితోనూ షార్ట్‌కట్ ఒక్కటే పలకనప్పుడు కీబోర్డును తప్పుపట్టనక్కర్లేదు.

యూఎస్‌బీ కీబోర్డు కంప్యూటర్‌కు పంపే కబురు మామూలుగా 8 బైట్లు. మొదటి బైటులోని 8 బిట్లూ కుడి ఎడమల కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్, విండోస్ కీలకు ఒక్కొక్కటి. రెండోది ఖాళీ. మిగిలిన ఆరింటిలో, నొక్కి ఉన్న కీల నంబర్లు. ఇందులో అక్షరమన్నదే లేదు. ఎస్ నొక్కితే వెళ్లేది 22 అనే అంకె. దాన్ని ఏ అక్షరంగా చదవాలో కంప్యూటర్‌లోని లేఅవుట్ తేలుస్తుంది.

వదిన టైపు చేసేది ఇన్‌స్క్రిప్ట్‌లో. భారతీయ భాషలన్నిటికీ ఒకే వరస ఉండాలని ప్రభుత్వం 1980ల్లో ప్రమాణంగా పెట్టిన లేఅవుట్ అది. కె నొక్కితే తెలుగులో క, హిందీలోనూ వాళ్ల లిపిలో అదే క. ఇందులో ఎస్ కీకి దక్కింది ఏత్వం. అంటే తెలుగు ఆన్‌లో ఉన్నప్పుడు వదిన నొక్కింది కంట్రోల్ ఎస్సా, కంట్రోల్ ఏత్వమా?

జవాబు అడిగేవాళ్లను బట్టి ఉంటుంది. వెబ్ పేజీ రాసే ప్రోగ్రామర్ బ్రౌజర్‌ను రెండు రకాలుగా అడగవచ్చు: "ఏ అక్షరం పడింది?" అనీ, "ఏ కీ నొక్కారు?" అనీ. ఈ ఎడిటర్ మొదటి ప్రశ్న ఒక్కటే అడుగుతోంది. ఏత్వం అన్న జవాబు రాగానే తనది కాదని వదిలేస్తోంది. బ్రౌజర్ తన సొంత షార్ట్‌కట్ల కోసం కీనే చూస్తుంది కనుక, ఆ వదిలేసిన కబురును అందుకుని తన పెట్టె తెరుస్తోంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషుకు మార్చి కంట్రోల్ ఎస్ కొట్టాం. సేవ్ అయింది.

అలాగని కీ ఒక్కటే చూస్తే చాలదు. ఫ్రెంచి కీబోర్డులో మన క్యూ ఉన్న చోట ఎ ఉంటుంది. అక్కడ కీని బట్టి పోతే కంట్రోల్ ఎ కొట్టినవాళ్లకు కంట్రోల్ క్యూ జరుగుతుంది. ముందు అక్షరం చూసి, అది ఇంగ్లీషు లిపిది కాకపోతే అప్పుడు కీ చూడటం సరైన పద్ధతి. కాస్త శ్రద్ధ పెడితే అయ్యే పని. అది చేయనందుకు తెలుగులో రాసేవాళ్లు సేవ్ చేసిన ప్రతిసారీ ఇంగ్లీషులోకి వెళ్లి రావాలి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మిగతా చిక్కులు ఇంత లోతైనవి కావు. కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్లు అదిమిపెడితే విండోస్‌లో ఫిల్టర్ కీస్ మొదలవుతుంది. చేతులు వణికేవాళ్ల కోసం పెట్టిన మంచి సదుపాయం. తెలియక ఆన్ అయితే, చటుక్కున నొక్కిన కీలను పట్టించుకోదు. దూరంలోని కంప్యూటర్‌తో కలిపి పనిచేసి బయటికొచ్చాక ఒక్కోసారి కంట్రోల్ నొక్కి ఉన్నట్టే మిగిలిపోతుంది. మౌస్ చక్రం తిప్పితే పేజీ జరగకుండా అక్షరాలు పెద్దవవుతుంటే అదే గుర్తు. విండోస్, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది. ఎవరూ ముట్టుకోకుండానే అందులో కంట్రోల్ వెలుగుతూ కనిపిస్తుంది. రెండు కంట్రోళ్లనూ ఒక్కోసారి నొక్కి వదిలితే చాలావరకు సర్దుకుంటుంది.

రెండు ప్రోగ్రాములు ఒకే షార్ట్‌కట్ కోసం పోటీపడితే, ముందుగా నమోదు చేసుకున్నదానికే విండోస్ ఇస్తుంది. ఫలానా ప్రోగ్రాము తెరిచాకే తంటా మొదలవుతుంటే దాన్ని మూసి చూడాలి. ఇంగ్లీషు ఇండియా లేఅవుట్‌లో కంట్రోల్, ఆల్ట్, 4 కలిపితే రూపాయి గుర్తు పడుతుంది. ఆ మూడింటినే వేరే పనికి కేటాయించిన సాఫ్ట్‌వేర్ ఉంటే అక్కడ గొడవ తప్పదు. కంట్రోల్ ఆల్ట్ డిలీట్ మాత్రం ఏ ప్రోగ్రాముకూ దక్కదు. నకిలీ లాగిన్ తెర పెట్టి పాస్‌వర్డ్ కాజేయకుండా విండోస్ దాన్ని తన దగ్గరే ఉంచుకుంది.

ఆ రాత్రే వదిన ఆ ఎడిటర్ తయారుచేసినవాళ్లకు ఉత్తరం రాసింది. ఇంగ్లీషులో రాసి పెట్టనా అంటే వద్దంది. తెలుగులో రాసి, కింద ఇంగ్లీషు అర్థం నాచేత చేర్పించింది. మొదటి వాక్యం ఇది: "నేను కంట్రోల్ ఎస్ నొక్కుతున్నాను, మీ పేజీకి ఏత్వం అందుతోంది."