రాష్ట్ర ఋణము: తీర్చవలసినదెవరు?

2023 డిసెంబరు 20వ తేదీన తెలంగాణ ప్రభుత్వము శాసనసభలో శ్వేతపత్రము ప్రవేశపెట్టి, రాష్ట్ర ఋణము 6,71,757 కోట్ల రూపాయలని ప్రకటించెను. అంత లేదని ప్రతిపక్షము వాదించెను. ఈ భేదము లెక్కించు పద్ధతిని బట్టి కలిగినది. శ్వేతపత్రము ప్రకారము ప్రభుత్వము నేరుగా తెచ్చిన అప్పు 3,89,673 కోట్లు. తక్కినది కార్పొరేషన్లు, ఇతర ప్రభుత్వ సంస్థలు తెచ్చినది. సంస్థ తీర్చలేనిచో, హామీ యిచ్చిన ఖజానాయే తీర్చవలెను. ఖజానాకు ఆధారము ప్రజల పన్నులు.

భూములమ్మి తీర్చవచ్చును గదాయని సభ్యులకు తోచవచ్చును. హైటెక్ సిటీకి చేరువనున్న కోకాపేటలో 2023 ఆగస్టు వేలమునందు ఎకరము 100.75 కోట్ల వరకు పలికిన మాట నిజమే. కాని వడ్డీ ఏటేటా కట్టవలెను. భూమి ఒక్కసారియే అమ్ముడగును.

కావున ఏ అప్పును గురించి విన్నను, మొత్తముతోపాటు తెచ్చినదెవరు, తీర్చునదెవరు అని కూడ విచారింపవలెనని పంచాయతీ సభ్యులకు మా మనవి.