పది కోళ్ళ ఇంటికి నూరు కోళ్ళ మందు సీసా

పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుదామని కొత్తగా తలపెట్టిన ఇల్లాలు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది. పుంజు లేకపోతే పెట్ట గుడ్లు పెడుతుందా అని. పెడుతుంది. పుంజు కావలసింది గుడ్డుకు కాదు, పిల్లకు. ఇంట్లోకి గుడ్లు చాలుననుకునే వారికి పుంజు మేత దండుగే. పిల్లలు కూడా కావాలంటే ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది.

ఏ రకం మంచిదన్నది తరువాతి ప్రశ్న. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లకు మించి పెట్టదు. కాని తానే పొదుగుతుంది, పిల్లల్ని తిప్పుకుంటుంది, గద్ద నీడ పడితే రెక్కల కిందకు పిలుచుకుంటుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారు చేసింది. ఇవి నాటు కోడి కన్నా చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి గాని, పొదుగుకు కూర్చోవడం అరుదు. వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెట్టి పొదిగించినా, పుట్టే పిల్లలకు తల్లి గుణం పూర్తిగా రాదు.

పొదుగు విషయానికి వస్తే, ఒక పెట్ట కింద పది, పన్నెండు గుడ్లు చాలు. 21 రోజులకు పిల్లలవుతాయి. ఉరుములకు గుడ్లు మురుగుతాయని గంపలో ఇనుపముక్క వేసేవారు ఇప్పటికీ ఉన్నారు. వేస్తే నష్టమేమీ లేదు. కాని ఉరుము కన్నా ఎండాకాలంలో వారం పైగా నిలవ ఉంచిన గుడ్డే ఎక్కువ మురిగేది. ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డు వెనుక టార్చి లైటు పెట్టి చూస్తే, లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు కనబడాలి. ఏమీ కనబడనిది పిల్ల కాదు, తీసేయవచ్చు.

మేతకు పెద్ద ఖర్చు లేదు. నూకలు, తవుడు, పెంటదిబ్బ మీది పురుగు, చెదలు చాలావరకు గడిపేస్తాయి. గుడ్డు పెంకు మెత్తగా వస్తుంటే సున్నం చాలడం లేదన్నమాట. ఆల్చిప్పలు నలగగొట్టి వేయాలి. ఎండల్లో నీడ, చల్లని నీళ్ళు మరవరాదు.

ఇన్ని అడిగేవారు టీకా ఎప్పుడు వేయించాలని మాత్రం అడగరు. గూడు ఖాళీ అయ్యాక అడుగుతారు.

రాత్రి బాగానే గంప కింద మూసిన కోళ్ళు తెల్లారేసరికి మెడ ముడుచుకుని కూర్చుంటాయి. ఆకుపచ్చగా, తెల్లగా పారుతాయి. నోరు తెరిచి ఎగశ్వాస పీలుస్తాయి. కొన్నింటికి మెడ మెలి తిరుగుతుంది, కాళ్ళూ రెక్కలూ పడిపోతాయి. నాలుగైదు రోజుల్లో వీధి వీధంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇదే కొక్కెర తెగులు. 1920ల చివర్లో ఉత్తరాదిన రాణిఖేత్ అనే కొండ ఊళ్ళో గుర్తించడంతో డాక్టర్లు ఆ పేరుతోనే పిలుస్తారు. వెల్లుల్లి పోసినా, మాత్రలు మింగించినా లాభం లేదు. వచ్చాక దీనికి మందే లేదు.

రాకుండా ఆపేది టీకా. పిల్ల పుట్టిన ఏడు రోజుల్లోపు కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా వేయాలి. నాలుగో వారంలో మళ్ళీ ఒక చుక్క. ఎనిమిదో వారంలో రెక్క కింద సూది. దానికి వారం ముందు నులిపురుగుల మందు తాగిస్తే టీకా బాగా పట్టుతుంది.

చెప్పడానికి ఇంతే. చిక్కంతా సీసాలో ఉంది. చిన్న సీసాలోని మందు కూడా నూరు కోళ్ళకు సరిపడా ఉంటుంది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ఇంట్లో ఉన్నవి పది కోళ్ళు. ఎవరికి వారే తెప్పించుకోవాలంటే సాగదు. అందుకే ఏ ఇంటా మందు పడదు. పదిళ్ళవారు మాట్లాడుకుని, పశువుల ఆసుపత్రిలో రోజు చెప్పించుకుంటే ఒక్క సీసాతో వాడ మొత్తం తేలిపోతుంది. సీసాను ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో తేవాలి. చొక్కా జేబులో వేసుకుని సైకిలు మీద తెచ్చిన మందుకు ఎండ తగిలితే అది ఉత్త నీళ్ళతో సమానం. కోళ్ళను గంప ఎత్తక ముందే, తెల్లవారుజామున వేయాలి. వదిలాక వాటిని పట్టడం ఎవరి తరమూ కాదు.

మరొక మాట కూడా చెప్పుకోవాలి. రెండు కోళ్ళు చావగానే మిగిలినవాటిని గబగబా గంపకెత్తి సంతకు తీసుకుపోయి సగం ధరకు అమ్మడం చాలా ఊళ్ళలో ఉన్నదే. కొన్నవారు చవకగా దొరికిందనుకుంటూ తెగులును తమ ఊరికి తీసుకుపోతారు. పండుగల ముందు ఇది మరీ ఎక్కువ. సంతలో కొన్న కోడిని రెండు వారాలు దూరంగా వేరే గంప కింద ఉంచి, బాగుంటేనే మందలో కలపాలి. చచ్చినవాటిని కాలువలో వేయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. గూటి మట్టి గీకి పారేసి, సున్నం కొట్టి, నెల రోజులు ఖాళీగా ఉంచాకే కొత్త పిల్లల్ని తేవాలి.