వానలో అందుకున్న బహుమతి

ఆటలో గెలిచినా క్లబ్బు గడప దాటే హక్కు పొందని ఒక గాల్ఫ్ వీరుని కథ

1963లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో నేటాల్ ఓపెన్ గాల్ఫ్ పోటీ ముగిసింది. వాన పడుతున్నది. ఓడిపోయిన శ్వేతజాతి క్రీడాకారులు క్లబ్బు భవనంలో తలదాచుకున్నారు. గెలిచినవాడు మాత్రం బయట నిలబడి, తడుస్తూ, బహుమతి అందుకున్నాడు. అతని పేరు సెవ్‌సుంకర్ సెవ్‌గోలం. అందరికీ అతడు పాప్వా. ఆ దేశపు చట్టం దృష్టిలో అతడు భారతీయుడు. తెల్లవారికి ప్రత్యేకించిన భవనంలో పనివాడుగా అడుగుపెట్టవచ్చునేమో కాని, విజేతగా అడుగుపెట్టరాదు.

భారతీయులు ఆ గడ్డ మీదికి వెళ్ళిన చరిత్ర 1860 నాటిది. ఆ సంవత్సరం నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ డర్బన్ రేవు చేరింది. చెరకు తోటలలో పనిచేయడానికి ఒప్పందం మీద వెళ్ళిన కూలీలు అందులో ఉన్నారు. 1911 వరకు సాగిన ఈ వలసలో సుమారు 1,52,000 మంది నేటాల్ చేరుకున్నారు. తమిళులు, తెలుగువారు మద్రాసులోను, ఉత్తర భారతీయులు కలకత్తాలోను ఓడ ఎక్కేవారు. అట్టి కూలీల సంతతివాడే పాప్వా.

కటిక పేదరికంలో పెరిగిన పాప్వాకు చదువు అబ్బలేదు. చిన్నతనంలోనే గాల్ఫ్ మైదానంలో కేడీగా కుదిరాడు. ఆటగాళ్ళ వెంట కర్రల సంచి మోస్తూ, బంతి ఎటు పోయిందో కనిపెట్టి చెప్పడం కేడీ పని. ఆట నేర్పే గురువు లేడు. చూసినది చూసినట్లు తనకు తానే సాధన చేశాడు. అందువల్లనే కాబోలు, అతడు కర్ర పట్టే తీరు లోకానికి భిన్నంగా ఉండేది. కుడిచేతి వాటం ఆటగాళ్ళు ఎడమ చేతిని పైన, కుడి చేతిని కింద ఉంచి కర్ర పడతారు. పాప్వా కుడిచేతిని పైన, ఎడమ చేతిని కింద ఉంచేవాడు. ఈ పట్టుతో బంతిని సూటిగా కొట్టడం అసాధ్యమని ఏ శిక్షకుడైనా అంటాడు. పాప్వా చేతిలో మాత్రం అది అసాధ్యం కాలేదు. కాలక్రమాన ఆ పట్టుకు అతని పేరే నిలిచింది.

శ్వేతేతరుల పోటీలలో ఎన్ని గెలిచినా పెద్ద పోటీల ద్వారాలు అతనికి తెరచుకోలేదు. ఆ స్థితిలో గ్రహం వుల్ఫ్ అనే శ్వేతజాతి రసాయన శాస్త్రజ్ఞుడు ఆదుకున్నాడు. ‘ఆయిల్ ఆఫ్ ఓలే’ అనే ప్రసిద్ధ సౌందర్య లేపనాన్ని రూపొందించినవాడు ఆయనే. పాప్వా ఆయన కర్మాగారంలో పనిచేసేవాడు. 1959లో వుల్ఫ్ తన సొంత విమానంలో పాప్వాను ఐరోపాకు తీసుకువెళ్ళాడు. అక్షరజ్ఞానం లేని ఆ కేడీ ఆ ఏడే డచ్ ఓపెన్ గెలిచాడు. 1960లో మళ్ళీ గెలిచాడు. 1964లో మూడోసారి గెలిచాడు. 1963లో బ్రిటిష్ ఓపెన్‌లో 13వ స్థానాన్ని మరికొందరితో పంచుకున్నాడు.

విదేశాలలో సమానుడుగా ఆడినవాడు స్వదేశంలో అనుమతి పత్రం లేకుండా మైదానంలో కాలు మోపరాదు. 1950 నాటి చట్టం ఒకటి ఏ జాతివారు ఎక్కడ నివసించాలో నిర్ణయించింది. 1953 నాటి మరొక చట్టం బల్లలు, బస్సులు, సముద్ర తీరాలు సైతం జాతుల వారీగా పంచిపెట్టింది. ఈ చట్టాల నడుమ ఎలాగో అనుమతి సంపాదించి పాప్వా 1963 నేటాల్ ఓపెన్‌లో ఆడి గెలిచాడు. వానలో తడుస్తున్న విజేత ఛాయాచిత్రం ప్రపంచ పత్రికలలో అచ్చయింది. వర్ణవివక్ష అంటే ఏమిటో వివరించడానికి ఆ బొమ్మకు వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. మరుసటి ఏడు, 1964లో, టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికాకు ప్రవేశం లభించలేదు.

1965లో పాప్వా నేటాల్ ఓపెన్‌ను మరోసారి గెలిచాడు. ఈసారి ఓడినవారిలో గేరీ ప్లేయర్ ఉన్నాడు. ఆనాటికి లోకంలోని అగ్రశ్రేణి గాల్ఫ్ ఆటగాళ్ళలో ఆయన ఒకడు. అదే సంవత్సరం అమెరికన్ ఓపెన్ కూడా గెలిచాడు. అట్టివానిని ఒక మాజీ కేడీ సొంతగడ్డ మీద ఓడించాడు. ఒక్కసారి గెలిస్తే అదృష్టమని తీసివేయవచ్చు. రెండవసారి గెలుపునకు ఆ సాకు చెల్లదు. గాల్ఫ్‌లో లెక్కించేది దెబ్బలను మాత్రమే. 18 గుంటలలోను బంతిని పడవేయడానికి ఎవరికి తక్కువ దెబ్బలు పడితే వారిదే గెలుపు. ఆ లెక్కలో ప్రభుత్వం కల్పించుకోలేదు. అందుచేత ఆటగాణ్ణే తొలగించింది.

1966లో పాప్వాను దేశంలోని పోటీలన్నిటి నుంచి నిషేధించారు. ప్రేక్షకుడుగా కూడా రానివ్వలేదు. పాస్‌పోర్టు తీసివేసుకోవడంతో విదేశాలలో ఆడే దారి సైతం మూసుకుపోయింది. ఆట తప్ప వేరే విద్య ఎరుగని మనిషికి అది జీవనాధారం పోవడమే. పేదరికంలో పుట్టినవాడు తిరిగి పేదరికంలోకే జారిపోయాడు. 1978 జూలైలో, యాభై ఏళ్ళు నిండకుండానే, గుండెపోటుతో మరణించాడు.

1994లో దక్షిణాఫ్రికాలో అన్ని జాతులవారూ ఓటు వేసి ప్రభుత్వాన్ని ఎన్నుకున్నారు. డర్బన్‌లోని ఒక పురపాలక గాల్ఫ్ మైదానానికి పాప్వా సెవ్‌గోలం పేరు పెట్టారు. అది న్యాయమే. కాని మైదానానికి పెట్టిన పేరు, పోయిన కాలాన్ని తిరిగి ఇవ్వలేదు.

గాల్ఫ్ ఆటగాని చేతివాటం త్వరగా తరిగిపోదు. నిషేధపు సంవత్సరమైన 1966 తరువాత గేరీ ప్లేయర్ మరి 5 ప్రధాన పోటీలు గెలిచాడు. వాటిలో చివరిది 42వ ఏట, 1978 ఏప్రిల్‌లో, అమెరికాలోని మాస్టర్స్ టోర్నమెంటు. పాప్వా అప్పటికి ఇంకా బ్రతికే ఉన్నాడు. మరి మూడు నెలలకు అతని గుండె ఆగింది. ఆ పన్నెండేళ్ళలో అతడు ఎన్ని గెలిచి ఉండేవాడో ఎవరూ చెప్పలేరు. అతడిని ఆడనివ్వనివారు ఆ ప్రశ్నకు జవాబును కూడా అతనితో పాటే లోకానికి లేకుండా చేశారు.