పాత కారులో తుప్పు ఎక్కడ దాగి ఉంటుంది?

అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. బ్రిటనులో మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే పేరుతో వెలువడిన కారు నమూనాను అనుసరించి, 1950 దశకం చివర పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో మొదలైన ఈ తయారీ అర్ధ శతాబ్దానికి పైగా సాగింది. కొత్తది దొరకదు కనుక ముచ్చటపడినవారు పాతదే వెతికి కొంటున్నారు. ఇంజను చెడితే బాగుచేయించవచ్చు. అరిగిన భాగాలు మార్చవచ్చు. కాని తుప్పు తినివేసిన బాడీని సరిచేయించడానికి ఒక్కొక్కప్పుడు కారు వెలకు మించి ఖర్చవుతుంది. పైగా లారీకి ఉన్నట్లు అంబాసిడరుకు వేరుగా ఛాసీ లేదు. నేల, తలుపుల కింది గడపలు, పక్క గోడలు, పైకప్పు కలిపి వెల్డు చేసిన ఉక్కు పెట్టెయే బరువునంతా మోస్తుంది. ప్రమాదంలో దెబ్బను కాచుకోవలసినదీ అదే. అందువల్ల ఈ పెట్టెలోని తుప్పు లోపల కూర్చున్నవారి ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఇనుముకు నీరు, ఆక్సిజన్ రెండూ తగిలితేనే తుప్పు పడుతుందని హైస్కూలు పాఠాలలో ఉన్నదే. మరిగించి చల్లార్చి, పైన నూనె పోసిన నీటిలో మేకు తుప్పు పట్టదు. తేమ లేని గాలిలోనూ పట్టదు. ఈ పాఠం విన్న విద్యార్థి గాలి ఎక్కువగా తగిలే చోటనే తుప్పు ఎక్కువగా తింటుందని ఊహించడం సహజం. జరిగేది తరచుగా దీనికి వ్యతిరేకం.

కేంబ్రిడ్జిలో పనిచేసిన యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రజ్ఞుడు 1920 దశకంలో దీనిని ఒక్క ఉప్పునీటి బొట్టుతో చూపించాడు. ఈ ప్రయోగం బడి ప్రయోగశాలలో సులభంగా చేయవచ్చు. పలుచని ఉప్పునీటిలో కొద్దిగా పొటాషియం ఫెర్రిసైనైడు, రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్ కలపాలి. గరుకు కాగితంతో రుద్ది మెరిపించిన ఉక్కు రేకుపై ఆ ద్రవాన్ని ఒక బొట్టు ఉంచాలి. మొదట నీలి, గులాబి మచ్చలు కలగాపులగంగా కనబడతాయి. కొంతసేపటికి నీలిరంగు బొట్టు నడిమికి, గులాబిరంగు అంచుకు చేరుతుంది. ఇనుము కరిగి అయానులుగా నీటిలోకి వస్తున్నదనడానికి నీలిరంగు గుర్తు. క్షారానికి గులాబిరంగు గుర్తు.

ఇందుకు కారణమేమి? బొట్టు అంచున నీటి పొర పలుచన. గాలిలోని ఆక్సిజన్ అక్కడ సులభంగా అందుతుంది. అది ఎలక్ట్రానులను గ్రహించి, నీటితో కలిసి హైడ్రాక్సైడు అయానులుగా మారుతుంది. ఆ ఎలక్ట్రానులను ఇచ్చేది నడుమనున్న ఇనుము. అంచు కాథోడు, నడుమ ఆనోడు, ఉక్కు రేకే వాటిని కలిపే తీగ, ఉప్పునీరు విద్యుద్విశ్లేష్యం. ఒక చిన్న విద్యుద్ఘటం తయారైనదన్నమాట. దీనిలో కరిగిపోయేది ఆనోడు, అనగా తడి ఉండి గాలి తక్కువగా అందే చోటు.

ఇప్పుడు కారును చూడాలి. తలుపు మీద పడిన వాననీరు జారిపోయి ఆరిపోతుంది. రెండు రేకులు కలిపి వెల్డు చేసిన అతుకు సందులో దూరిన నీరు రోజుల తరబడి ఆరదు. గాలీ సరిగా అందదు. చక్రాలు చిమ్మిన బురద మడ్‌గార్డు లోపలి అంచున పేరుకొని తడిగుడ్డలా అంటిపెట్టుకొని ఉంటుంది. ఉప్పు తగిలితే పని మరింత చురుకవుతుంది. అది గాలిలోని తేమను లాక్కోవడమే కాక నీటి విద్యుద్వాహకతనూ పెంచుతుంది. కనుక విశాఖపట్నంలో సముద్రగాలికి ఆరుబయట నిలిచిన కారును, అనంతపురంలో తిరిగిన కారును ఒకే వయస్సువని ఒకేలా ఎంచరాదు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడిగేవారు, ఇన్నాళ్లూ ఎక్కడ నిలిపి ఉంచారని కూడా అడగడం మంచిది.

మ్యాట్లు ఎత్తి నేలను, డిక్కీలో స్టెప్నీ కింది గుంటను చూడాలి. అద్దం పక్కనుంచి దిగిన నీరు పోవడానికి తలుపుల అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి; అవి దుమ్ముతో మూసుకుపోతే తలుపు నీటితొట్టి అవుతుంది. అన్నిటికన్న ముఖ్యమైనవి గడపలు. ఇవి ముందు నుంచి వెనుకకు సాగే బోలు దూలాలు. వెనుక ఆకు స్ప్రింగులు బాడీకి తగిలించిన చోట్లు కూడా ఇంత ముఖ్యమైనవే. స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తడితే గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. ఈ రెండుచోట్ల రేకు మెత్తబడి ఉంటే బేరం మానుకోవడమే మేలు.

రంగు మీద చిన్న బొబ్బ కనబడితే తేలికగా తీసుకోరాదు. ఇనుము తుప్పుగా మారినపుడు రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది; అందుచేత రంగును కిందినుంచి పైకి లేపుతుంది. చాలాసార్లు రేకు లోపలివైపు నుంచి తినబడుతూ వచ్చి, చివరకు బయటపడిన చుక్క అది.

కొందరు ఇట్టి రంధ్రాలను లప్పంతో పూడ్చి, పైన రంగు వేయించి అమ్ముతారు. ఇక్కడ పనికివచ్చేది అయస్కాంతం. దూరం పెరిగినకొద్దీ అయస్కాంతపు పట్టు వేగంగా తగ్గుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల లప్పం అడ్డువస్తే చాలు, తేడా చేతికి తెలుస్తుంది. రంగు గీసుకుపోకుండా అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి, మొదట పైకప్పు మీద ఆనించి పట్టు ఎంతో గమనించి, తరువాత గడపల మీద, మడ్‌గార్డుల అంచుల మీద జరపాలి. అయస్కాంతం మరీ బలమైనదిగా ఉండరాదు. నియోడిమియం అయస్కాంతమైతే లప్పం మీదుగా కూడా లాగి కొనేవారిని మోసగిస్తుంది.

తుప్పు మీదనే కొత్త రేకు అతికించి ఉంటే అయస్కాంతం ఆ సంగతి చెప్పలేదు. ర్యాంపు మీద నిలిపి కిందినుంచి వెల్డింగు గుర్తులు చూడాలి. అడుగున కొత్తగా తారు పూసి ఉంటే ఎందుకు పూశారో అడిగి తెలుసుకోవాలి. చివరగా ఒక పక్క జాకీతో కొద్దిగా ఎత్తి, ఆ పక్క తలుపులు మునుపటివలెనే తెరుచుకొని మూసుకుంటున్నవో లేదో పరీక్షించాలి. ఆ సమయంలో కారు కిందికి ఎవరూ దూరరాదు. తలుపు బిగుసుకుపోయినా, చుట్టూ ఉన్న సందు ఒకవైపు వెడల్పయినా పెట్టె తన బరువునే మోయలేకపోతున్నదన్నమాట.