వెంబ్లీలో తప్పిన గురి

బొగ్గుగనులలోను, మిల్లులలోను ఒడలు వంచి పనిచేయు శ్రామికుడు ఆటకొఱకు పని మానుకొన్నప్పుడు, వాడు కోల్పోయిన కూలిని చెల్లించుట ధర్మమా కాదా యను వివాదము ముదిరిపోగా, ఉత్తర ఇంగ్లండునందలి క్లబ్బులు 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డులోని జార్జి హోటలులో సమావేశమై, పాత రగ్బీ సంఘముతో తెగతెంపులు చేసికొని నార్తర్న్ యూనియనును నెలకొల్పినవి. నేటి రగ్బీ లీగు ఆ కూలి తగవునుండియే పుట్టినది.

ఆ యూనియనులో, ఒక్కసారి ఓడినచో ఇంటిముఖము పట్టవలసిన ఛాలెంజ్ కప్పు పోటీ 1897లో మొదలయ్యెను. లీడ్సులోని హెడింగ్లీలో జరిగిన తొలి ఫైనలులో బాట్లీ జట్టు సెయింట్ హెలెన్సును 10–3తో జయించెను. 1929లో ఫైనలు లండనులోని వెంబ్లీకి తరలినది మొదలు, ఆ ప్రయాణము ఉత్తరాది కార్మిక కుటుంబములకు తీర్థయాత్రవలె ఆయెను. 1954లో వారింగ్టన్, హాలిఫాక్స్ జట్లు 4–4తో సమానముగా నిలువగా, బ్రాడ్‌ఫర్డులోని ఓడ్సాల్ మైదానమున మరల ఆడిన ఆటకు లెక్కకు వచ్చినవారే 1,02,569 మంది!

అయినను నా హృదయమునకు మిక్కిలి సన్నిహితమైనది 1968 నాటి ఫైనలు. కుండపోత వానకు వెంబ్లీ పచ్చిక నీటిమడుగై, ఆటగాండ్రు నిలువలేక జారిపడుచుండిరి. ఆఖరి ఘడియలో లీడ్సు 11–7తో ముందుండగా, వేక్‌ఫీల్డ్ ట్రినిటీకి చెందిన కెన్ హర్స్ట్ బంతిని తన్నుకొంటూ పరుగెత్తి గోల్‌స్తంభముల నడుమనే బంతిని నేలకానించి ట్రై సాధించెను. ఆనాటి లెక్కలో దానికి మూడు పాయింట్లు. స్తంభముల మధ్యగా బంతిని తన్నినచో మరి రెండు పాయింట్లు, వానితో కప్పు. ఆరువేలకు పైగా పాయింట్లు గడించిన నీల్ ఫాక్స్ గాయముచే ఆడకుండుటవలన, ఆ భారము అతని అన్న డాన్ ఫాక్సుపై పడినది. ఎదురుగానే స్తంభములు, అతడు తన్నెను, తడిసిన బంతి కుడివైపునకు తొలగిపోయెను. లీడ్సు 11–10తో గెలిచినది. డాన్ నేలపై కూలబడెను.

అయితే ఆటలోని ఉత్తముని కిచ్చు లాన్స్ టాడ్ ట్రోఫీని పాత్రికేయులు అంతకు పూర్వమే డాన్ ఫాక్సునకు నిర్ణయించియుండిరి. ఆ తన్ను తప్పినదని ఆ నిర్ణయము తప్పు కాజాలదు. ఆ జలమయమైన మైదానమున అంతసేపును అందఱికంటె మిన్నగా ఆడినవాడు అతడే.