గుఱి తప్పని గుండు

గుఱి చేతియందే కాదు, తూటాయందును గలదు. తూటాకు నాలుగంగములు: ఇత్తడిగుల్ల, నిప్పు పుట్టించు టోపీ, మందు, గుండు. పేలిన పిదప గుల్ల మిగులును. దానిని శుభ్రపఱచి, కొలతకు సరిచేసి, తక్కిన మూటిని మరల నమర్చుటయే పునఃపూరణము. కొన్ని దేశముల గుఱికాండ్రు దీనిని స్వయముగా జేసికొందురు. ఏలన, ప్రతి తూటాయందు మందును గుండును ఒక్క తూకమైన వేగ మొక్కటియగును. వేగ మొక్కటైన గుఱి చెదరదు. ఉప్పునీట తేలిన తాలును దీసివైచి, గట్టి విత్తనమునే చల్లు మన హంసలదీవి కాపున కీ న్యాయము తెలిసినదే.

కాని మందు మితిమీఱెనా, తుపాకియే పగిలి పట్టినవానిని బలిగొనును. మనదేశమున 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము అనుమతిపత్రము లేక తూటాలు చేయుట నేరము. కావున గుఱి నేర్వగోరు యువకులకు శిక్షకుని యెదుట గాలితుపాకి మేలు. అందు మందే లేదు; గుండు 4.5 మిల్లీమీటర్లు, దూరము 10 మీటర్లు. హైదరాబాదు గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సునందు కాంస్యపతకము నందినది దీనితోనే.